చెవితో చదివే పట్టిక

భివండీ పద్మనగర్‌లో మగ్గం చప్పుడు వినిపించని సందు ఎలా ఉండదో, లెక్కల పట్టిక లేని కార్ఖానా కూడా అలాగే ఉండదు. ఏ తేదీన ఏ నంబరు తాకా (మగ్గం నుంచి దిగిన బట్ట చుట్ట) దిగింది, అది ఎన్ని మీటర్లు, ఎన్ని పిక్కుల (అంగుళానికి పడే అడ్డపోగుల) బట్ట, పిక్కుకు ఎన్ని పైసలు, మొత్తం ఎంత అన్నది వరుసగా గడుల్లో పడాల్సిందే. జాబ్ వర్క్ అయితే పడుగు చుట్టిన బీమూ నూలూ పని ఇచ్చే సేఠ్‌వి. మగ్గం నడిపి, కరెంటు బిల్లు కట్టి, పనివాళ్లకు మజూరీ ఇచ్చేది కార్ఖానాదారు. ఇద్దరి మధ్య మాట తేడా వస్తే సాక్ష్యం చెప్పేది ఆ పట్టికే. కరీంనగర్, వరంగల్, నల్లగొండ, మెదక్ వైపు నుంచి ఠాణే జిల్లాలోని ఈ ఊరికి వలస వచ్చిన పద్మశాలి కుటుంబాల్లో చాలామందికి మగ్గంతో పాటు ఈ లెక్క కూడా పెద్దల నుంచే వచ్చింది.

లెక్కలు రాసే మెహతాజీ చిట్టా పుస్తకం పక్కకు జరిగి ఎక్సెల్ షీటు వచ్చింది. పుస్తకంలో చేత్తో రాసిన అంకెను చూపు లేని మనిషి సొంతంగా చదవలేడు. కంప్యూటర్‌లోని అంకెను చదవగలడు. తెర మీది రాతను గొంతుగా మార్చి వినిపించే స్క్రీన్ రీడర్ ఉంటే చాలు, చిట్టా రాయొచ్చు, మజూరీ లెక్క తేల్చొచ్చు, జీఎస్‌టీ కాగితాలు సిద్ధం చేయొచ్చు. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో చూపుకు సంబంధించిన వైకల్యం ఉన్నవాళ్లు 50 లక్షల పైచిలుకు. వాళ్లలో చదువుకున్న వాళ్లకు లెక్కల పని చేతికి అందే ఉపాధి.

అయితే ఆ పనిలో ఒక చిక్కుంది. బ్యాంకు పేజీలోనో, ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనో ఉన్న పట్టికను కాపీ చేసి ఎక్సెల్‌లో పేస్ట్ చేయాలి. చూపున్నవాళ్లు మౌసుతో లాగి, రెండు మీటలు నొక్కి ముగిస్తారు. స్క్రీన్ రీడర్‌తో పనిచేసేవాళ్లకు అదే పని ఒక్కోసారి పూటంతా పడుతుంది. వాళ్ల చేతకానితనం వల్ల కాదు. పట్టిక ఒకచోటి నుంచి మరోచోటికి వెళ్లే దారిలో కంప్యూటర్ లోపల జరిగే వ్యవహారం అలాంటిది.

కంటికి వెడల్పు, చెవికి పొడవు

పట్టికలో విషయం సగమే అంకెల్లో ఉంటుంది. మిగతా సగం ఆ అంకె ఏ చోట ఉందన్నదానిలో ఉంటుంది. ఒక గడిలో 105 ఉందనుకోండి. పైన శీర్షికలో ‘మీటర్లు’ అని ఉంది, ఎడమ చివర 418వ తాకా అని ఉంది. ఈ రెండూ కలిస్తేనే 105కు అర్థం. కన్ను అటూ ఇటూ దూకి ఈ సంబంధాన్ని క్షణంలో పట్టేస్తుంది. పైగా పట్టిక ఎంత పెద్దది, ఎక్కడ ఖాళీలున్నాయి, ఏ అంకె మిగతావాటికన్నా పొడుగ్గా ఉంది అన్నవి చదవకముందే తెలిసిపోతాయి.

చెవికి ఆ వెసులుబాటు లేదు. మాట ఒకదాని తర్వాత ఒకటే వస్తుంది. వచ్చినది ఎక్కువసేపు నిలవదు కూడా. 1974లో అలాన్ బాడ్లీ, గ్రాహం హిచ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు పనిచేసే జ్ఞాపకశక్తికి ఒక నమూనా ప్రతిపాదించారు. విన్న మాటల్ని తాత్కాలికంగా పట్టి ఉంచే భాగం అందులో ఒకటి. లోలోపల మళ్లీ మళ్లీ అనుకోకపోతే అక్కడి శబ్దం ఇంచుమించు రెండు సెకన్లలో చెదిరిపోతుంది. ఆరు నిలువు వరుసలు, ఇరవై అడ్డ వరుసలు ఉన్న చిన్న చిట్టాలోనే 120 గడులు. పన్నెండో వరుసకు వచ్చేసరికి నాలుగో నిలువు వరుస పిక్కులదా, పైసలదా అన్నది గుర్తుండాలంటే ఎవరో పక్కనుండి గుర్తుచేస్తూ ఉండాలి. మంచి స్క్రీన్ రీడర్ చేసేది సరిగ్గా ఆ పనే.

ఈ ఇబ్బంది మీద తొలినాళ్లలోనే బుర్ర పెట్టినవారిలో పుణెలో పుట్టిన టి.వి. రామన్ ఒకరు. 14 ఏళ్ల వయసులో గ్లకోమాతో చూపు పోయింది. ఐఐటీ బొంబాయిలో కంప్యూటర్ సైన్సు చదివి, 1994లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ పూర్తి చేశారు. గణిత సమీకరణాలను చెవితో చదవడానికి ఆయన తయారుచేసిన వ్యవస్థ పేరు ఆస్టర్. తనకు దారి చూపే కుక్క పేరే దానికి పెట్టుకున్నారు. రాతను వరుసగా వినిపిస్తే చాలదు, దాని నిర్మాణాన్ని కూడా వినిపించాలన్నది ఆ పరిశోధన సారాంశం. పట్టికలకు ఈ మాట నూటికి నూరుపాళ్లు వర్తిస్తుంది.

స్క్రీన్ రీడర్ దేన్ని చదువుతుంది?

పేరును బట్టి అది తెరను చదువుతుందని అనుకుంటాం. నిజానికి అది తెర వంక చూడదు. వెబ్ పేజీ తెరవగానే బ్రౌజర్ రెండు పనులు చేస్తుంది. ఒకటి, కంటికి కనిపించే బొమ్మ గీయడం. రెండు, ఏ భాగం శీర్షిక, ఏ భాగం లింకు, ఏ భాగం పట్టిక, అందులో ఏది ఎన్నో వరుసలోని ఎన్నో గడి అని చెప్పే ఒక జాబితాను శాఖలు శాఖలుగా తయారు చేయడం. స్క్రీన్ రీడర్ చదివేది ఈ రెండో దాన్ని.

విండోస్ కంప్యూటర్లలో ఈ పని చేసే సాఫ్ట్‌వేర్లలో రెండింటికి బాగా పేరుంది. మొదటిది జాస్. 1978లో కారు ప్రమాదంలో చూపు కోల్పోయిన మోటార్ సైకిల్ రేసర్ టెడ్ హెంటర్ మొదలుపెట్టిన కంపెనీ నుంచి వచ్చింది. డాస్ కాలంలో, 1989లో, తొలి రూపం విడుదలైంది. దానికి లైసెన్సు కొనాలి. రెండోది ఎన్‌వీడీఏ. ఆస్ట్రేలియాకు చెందిన మైఖేల్ కరన్ 2006లో మొదలుపెట్టగా జేమ్స్ టే జతకలిశాడు. ఇద్దరూ చూపు లేనివాళ్లే. ఇది పూర్తిగా ఉచితం. దానితో పాటే వచ్చే ఈస్పీక్ అనే గొంతు మర మనిషిలా పలికినా తెలుగు కూడా చదువుతుంది. పద్మనగర్ లాంటి చోట సాఫ్ట్‌వేర్ మీద వేలు ఖర్చుపెట్టలేని ఇంటికి కంప్యూటర్ పనికొచ్చిందంటే ఎన్‌వీడీఏ పుణ్యమే.

ఎన్‌వీడీఏలో టీ అక్షరం నొక్కితే పేజీలోని తర్వాతి పట్టిక దగ్గరికి వెళ్తాం. ఎన్ని అడ్డ వరుసలు, ఎన్ని నిలువు వరుసలు ఉన్నాయో ముందే చెబుతుంది. కంట్రోల్, ఆల్ట్ పట్టుకుని బాణాలు నొక్కితే గడి నుంచి గడికి కదలొచ్చు. పక్కకు జరిగినప్పుడు కొత్త నిలువు వరుస శీర్షికను, ఆ తర్వాత అంకెను పలుకుతుంది. “మీటర్లు, 105.” “పిక్కు, 52.” అంతా సవ్యంగా ఉంటే పని చకచకా సాగుతుంది.

సవ్యంగా ఉండాలంటే పేజీ తయారుచేసినవాళ్లు పట్టికను పట్టికగా రాసి ఉండాలి. వెబ్ పేజీలు రాసే హెచ్‌టీఎంఎల్ భాషలో పట్టికకు, అడ్డ వరుసకు, మామూలు గడికి, శీర్షిక గడికి వేర్వేరు గుర్తులున్నాయి. 1997 జనవరిలో వచ్చిన 3.2 రూపం నాటికే పట్టికలు ఆ ప్రమాణంలో భాగమయ్యాయి. కొందరు డిజైనర్లు ఆ గుర్తులు వదిలేసి, విడివిడి పెట్టెల్ని పక్కపక్కన పేర్చి పట్టికలా కనిపించేట్టు చేస్తారు. కంటికి తేడా తెలియదు. స్క్రీన్ రీడర్‌కు మాత్రం అక్కడ పట్టికే లేదు; టీ నొక్కితే పట్టిక లేదని జవాబిస్తుంది. ఇంకొందరు శీర్షికను అక్షరాలు లావు చేసి వదిలేస్తారు. అక్షరం లావెక్కినంత మాత్రాన అది శీర్షిక అని యంత్రానికి తెలియదు. అప్పుడు వినిపించేది వట్టి “105”, “52”, “6”.

కాపీ నొక్కాక

చూపున్న మనిషి పట్టికను ఎంచుకుని కాపీ చేసినప్పుడు బ్రౌజర్ క్లిప్‌బోర్డులో ఒకే విషయాన్ని రెండు మూడు రూపాల్లో పెడుతుంది. ఒకటి వట్టి అక్షరాలు. మరొకటి హెచ్‌టీఎంఎల్ రూపం. అందులో గడుల సరిహద్దులన్నీ ఉంటాయి. ఎక్సెల్‌లో పేస్ట్ అనగానే అది హెచ్‌టీఎంఎల్ రూపం ఉందేమో చూసుకుని దాన్నే తీసుకుంటుంది. అది లేకపోతే వట్టి అక్షరాలు తీసుకుని, ట్యాబ్ గుర్తు కనిపించిన చోట కొత్త గడికి, లైను మారిన చోట కింది వరుసకు వెళ్తుంది. ఈ రెండు గుర్తులే ఎక్సెల్‌కు ఆధారం.

స్క్రీన్ రీడర్ వాడే మనిషి దారి వేరు. ఎన్‌వీడీఏ వెబ్ పేజీని తన సొంత నకలుగా మార్చుకుని, ఆ నకలులో బాణాలతో తిరగనిస్తుంది. ఆ నకలు పై నుంచి కిందికి సాగే ఒకే పాఠం. పట్టికలో ఒక్కో గడి ఒక్కో లైనుగా ఉంటుంది. గడి ఎన్నో వరుసలోదన్న సంగతి దానికి విడిగా తెలుసు కాబట్టి వినిపించేటప్పుడు ఇబ్బంది లేదు. కానీ అక్కడ ఎంచుకుని కాపీ కొడితే మామూలుగా క్లిప్‌బోర్డులోకి వెళ్లేది బ్రౌజర్ ఇచ్చే హెచ్‌టీఎంఎల్ కాదు, ఆ నకలులోని వట్టి అక్షరాలు. గడికీ గడికీ మధ్య ట్యాబ్ ఉండదు, లైను మారిన గుర్తు ఉంటుంది. ఎక్సెల్ తన నియమం ప్రకారం ప్రతిసారీ కింది వరుసకు దిగుతుంది. శీర్షికతో కలిపి 21 వరుసలు, 6 నిలువులు ఉన్న పట్టిక ‘ఏ’ నిలువులో 1 నుంచి 126 వరకు బారుగా పడుతుంది. నేసిన బట్టను విప్పి ఒకే ఉండగా చుట్టినట్టే: నూలు పోగు ఒక్కటీ తగ్గలేదు, బట్ట మాత్రం లేదు.

ఏళ్ల తరబడి సాగిన ఈ ఇబ్బందికి 2024లో ఎన్‌వీడీఏ మందు ఇచ్చింది. ఎన్‌వీడీఏ మీట (మామూలుగా ఇన్సర్ట్), షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కితే ‘నేటివ్ సెలెక్షన్’ అనే పద్ధతి మొదలవుతుంది. అప్పటినుంచి నకలులో మనం ఎంచుకున్న భాగాన్నే బ్రౌజర్‌లో కూడా ఎంపిక చేసి, కాపీ పనిని బ్రౌజర్‌కే వదిలేస్తుంది. హెచ్‌టీఎంఎల్ రూపం చెక్కుచెదరకుండా క్లిప్‌బోర్డుకు చేరుతుంది. మొదట ఫైర్‌ఫాక్స్‌లో వచ్చి, తర్వాత క్రోమ్, ఎడ్జ్‌లకూ అందింది. జాస్‌లోనైతే ‘పూర్తి కంటెంట్’ కాపీ చేసే ఎంపిక అంతకుముందు నుంచే ఉంది. పాత కంప్యూటర్‌లో పాత ఎన్‌వీడీఏ వాడుతున్నవాళ్లు కొత్తది వేసుకోవడానికి ఈ ఒక్క సౌకర్యం చాలు.

కాపీ జోలికే వెళ్లని దారులూ ఉన్నాయి. ఎక్సెల్ డేటా మెనూలో ‘ఫ్రమ్ వెబ్’ ఎంచుకుని పేజీ చిరునామా ఇస్తే అందులోని పట్టికల్ని అదే వెతికి తెస్తుంది. గూగుల్ షీట్స్‌లో ఇంపోర్ట్ హెచ్‌టీఎంఎల్ అనే ఫార్ములాకు చిరునామా, ‘టేబుల్’ అనే మాట, ఎన్నో పట్టికో చెప్పే అంకె ఇస్తే సరిపోతుంది. లాగిన్ అవసరమైన పేజీల్లో ఈ ఫార్ములా పనిచేయదు. అలాంటి చోట డౌన్‌లోడ్ బటన్ ఉందేమో వెతకడం మంచిది. జీఎస్‌టీ పోర్టల్‌లో కొనుగోళ్ల పన్ను వివరాలుండే జీఎస్‌టీఆర్-2బీని ఎక్సెల్‌గానే దించుకోవచ్చు. చాలా బ్యాంకులు ఖాతా వివరాలను పీడీఎఫ్‌తో పాటు ఎక్సెల్‌గానూ ఇస్తాయి. తెర మీది పట్టికను కాపీ కొట్టడం అన్ని దారులూ మూసుకుపోయాక చేయాల్సిన పని.

బారుగా పడ్డ గడుల్ని మళ్లీ పేర్చాలంటే

అన్నీ ఒకే నిలువులో పడ్డాయనుకుందాం. చెరిపేసి మొదటినుంచి టైపు చేయనక్కర్లేదు. కొత్త ఎక్సెల్‌లో, గూగుల్ షీట్స్‌లో రాప్‌రోస్ అనే ఫార్ములా ఉంది. బ్రాకెట్‌లో ఏ1 నుంచి ఏ126 వరకు అని పరిధి చెప్పి, కామా పెట్టి 6 అంటే ఆరారు గడుల్ని ఒక్కో వరుసగా పేర్చి ఇస్తుంది. పాత ఎక్సెల్‌లో అదే పనికి ఇండెక్స్ ఫార్ములా వాడాలి. సూత్రం ఒకటే: వరుస సంఖ్యలోంచి ఒకటి తీసేసి, ఆరుతో గుణించి, నిలువు సంఖ్య కలిపితే బారులో ఎన్నో గడి కావాలో తెలుస్తుంది. నాలుగో వరుస, మూడో నిలువు అంటే మూడు ఆర్లు పద్దెనిమిది, దానికి మూడు కలిపితే ఇరవై ఒకటో గడి.

పేర్చే ముందు ఒక పరీక్ష తప్పనిసరి. మొత్తం ఎన్ని గడులు పడ్డాయో చూసి ఆరుతో భాగించాలి. 126 అయితే శేషం సున్నా. 123 ఉంటే శేషం 3, అంటే ఎక్కడో మూడు గడులు జారిపోయాయి. ఒకే రోజు నాలుగు తాకాలు దిగితే మొదటిదానికే తేదీ వేసి మిగతా మూడు ఖాళీ వదలడం మన చిట్టాల్లో మామూలే. ఆ ఖాళీ గడులకు కాపీలో లైను మిగలకపోతే అక్కణ్నుంచి ప్రతి అంకె ఒక గడి ఎడమకు జరుగుతుంది.

జరిగితే ఏమవుతుందో ఒక్క వరుసలో చూద్దాం. తాకా నంబరు 418, మీటర్లు 105, పిక్కులు 52, పిక్కుకు 6 పైసలు అనుకుందాం. 52ను 6తో గుణిస్తే మీటరుకు 312 పైసలు, 105 మీటర్లకు 327 రూపాయల 60 పైసలు. తేదీ గడి జారిపోతే 418 తేదీ చోటికి, 105 తాకా నంబరు చోటికి వస్తాయి. మీటర్ల కింద 52, పిక్కుల కింద 6, పైసల కింద 327.60 పడతాయి. ఫార్ములా వాటినే గుణించి 1,022 రూపాయల 11 పైసలు అని తేల్చేస్తుంది. పైగా 52 మీటర్ల తాకా అనగానే తప్పని తట్టకపోవచ్చు, ముక్క తాకాలు ఉంటాయి కదా! మూడు రెట్లు పెరిగిన మజూరీని చూపున్న మెహతాజీ అయితే తేదీ గడిలో 418 కనబడగానే పట్టుకుంటాడు. చెవితో చదివేవాళ్లు మొదటి నిలువు వరుసను విడిగా వినాలి. ఆ నిలువులో కింది బాణం నొక్కుతూ దిగితే గడులు ఒక్కొక్కటే చివరిదాకా వినిపిస్తాయి. తేదీల మధ్య మూడంకెల సంఖ్య వినబడిందంటే జారుడు అక్కడే మొదలైనట్టు.

ఎక్సెల్ అతితెలివి

పట్టిక గడి తప్పకుండా చేరినా పని అయిపోలేదు. నూలు కొనుగోలు పట్టికలో ‘2/60’ అని ఉంటుంది. అరవై కౌంటు పోగులు రెండు కలిపి పురిపెట్టిన నూలు అని దాని అర్థం. ఎక్సెల్‌కు నూలు తెలియదు. దాని లెక్కలో అది 1960 ఫిబ్రవరి. గడిలో ‘ఫిబ్-60’ అని వేసి, లోపల 1960 ఫిబ్రవరి 1కి తన వరుస సంఖ్య అయిన 21947ను దాచుకుంటుంది. గడిని మళ్లీ మామూలు అంకెగా మార్చినా 2/60 తిరిగి రాదు, 21947 వస్తుంది.

ఈ దెబ్బ తిన్నది మనమొక్కరమే కాదు. మనిషి జన్యువుల్లో కొన్నింటి పొట్టి పేర్లు ‘మార్చ్1’, ‘సెప్ట్2’ అని ఉండేవి. ఎక్సెల్ వాటిని తేదీలుగా మార్చేసేది. ఎక్సెల్ ఫైళ్లలో జన్యు జాబితాలు జతచేసిన పరిశోధన పత్రాల్లో సుమారు అయిదో వంతులో ఇలాంటి తప్పులున్నాయని 2016లో ఒక పరిశీలన తేల్చింది. చివరికి 2020లో జన్యువుల పేర్లు ఖరారు చేసే అంతర్జాతీయ సంఘం ఆ పేర్లనే మార్చుకుంది. శాస్త్రవేత్తలే సాఫ్ట్‌వేర్‌కు తలవంచారు. నూలు వ్యాపారులు వంచనక్కర్లేదు. పేస్ట్ చేయకముందే ఆ నిలువు వరుసను ‘టెక్స్ట్’ రకంగా మార్చి, కంట్రోల్, ఆల్ట్, వీ నొక్కి పేస్ట్ స్పెషల్‌లో ‘టెక్స్ట్’ ఎంచుకుంటే 2/60 అలాగే ఉంటుంది.

ఈ ఒక్క విషయంలో చెవిది పైచేయి. తెర మీద ‘ఫిబ్-60’ను కన్ను దాటవేసిపోవచ్చు. నూలు వరుసలో వెళ్తుండగా ఫిబ్రవరి అన్న మాట వినిపిస్తే ఎవరైనా ఆగుతారు. వినిపించని తప్పు ఇంకోటుంది. అంకె ముందు ‘రూ.’ అని ఉంటే ఎక్సెల్ దాన్ని సంఖ్యగా కాక అక్షరాలుగా తీసుకోవచ్చు. వింటే రూపాయలే, కూడమంటే ఫార్ములా ఆ గడిని పక్కనపెట్టి మిగతావి కూడుతుంది. దీనికి మందు కౌంట్ అనే ఫార్ములా. అది సంఖ్యలున్న గడుల్ని మాత్రమే లెక్కపెడుతుంది. కౌంట్‌ఏ ఖాళీ కాని గడులన్నింటినీ లెక్కపెడుతుంది. శీర్షిక వదిలేసి మొత్తాల నిలువులో రెండూ వేసి చూడాలి. రెండూ 20 అంటే సరే. ఒకటి 20, ఇంకోటి 17 అంటే మూడు గడులు కూడికలోకి రావడం లేదు.

పీడీఎఫ్ సంగతి వేరు, ఫోటో సంగతి మరీ వేరు

వెబ్ పేజీలో కనీసం పట్టిక అనే గుర్తుకు అవకాశముంది. 1993లో అడోబీ తెచ్చిన పీడీఎఫ్ ప్రధానంగా కాగితం రూపాన్ని కాపాడటానికి పుట్టింది. ఈ అక్షరం కాగితం మీద ఇంత ఎడంగా, ఇంత ఎత్తున ఉండాలి అన్నదే అందులో ఉంటుంది. గడి అన్న ఊసు ఉండదు. ఆ కొరత తీర్చడానికి 2001 నాటి 1.4 రూపంలో నిర్మాణాన్ని చెప్పే ట్యాగులు వచ్చాయి. ఫైలు తయారుచేసినవాళ్లు వాటిని పెడితేనే ఉపయోగం. లేకపోతే స్క్రీన్ రీడర్ అక్షరాల స్థానాల్ని బట్టి ఊహించి చదువుతుంది. రెండు నిలువులు దగ్గరగా ఉంటే 52, 6 కలిసి 526 కావచ్చు.

మన వీధుల్లో ఎక్కువగా తిరిగేది పీడీఎఫ్ కూడా కాదు, వాట్సాప్ ఫోటో. నూలు రేట్ల కాగితాన్ని ఫోన్‌తో ఫోటో తీసి గ్రూపులో పెట్టేస్తారు. స్క్రీన్ రీడర్‌కు అందులో వినిపించేది ‘ఫోటో’ అన్న ఒక్క మాట. అప్పుడిక పక్కవాళ్లను అడగాలి: “అన్నా, గీ ఫోటోల రేటెంత రాసిండ్రో జర చూసి చెప్పవా?” ఒకసారి, రెండుసార్లు అయితే ఫరవాలేదు. రోజూ అడగాల్సి వస్తే ఆ పని సొంత పని అనిపించుకోదు.

ఫోటోలోని అక్షరాల్ని గుర్తుపట్టే ఓసీఆర్ కొంత ఆదుకుంటుంది. ఫోన్‌లోని ఎక్సెల్ యాప్‌లో పట్టిక ఫోటోను షీటుగా మార్చే సౌకర్యం 2019 నుంచి ఉంది. అచ్చు అక్షరాలు, మంచి వెలుతురు ఉంటే బాగానే చేస్తుంది. 3ను 8 అనుకోవడం, దశాంశ చుక్క ఎగిరిపోవడం దాని మామూలు తప్పులు. 327.60లో చుక్క పోతే 32760. అందుకే ఓసీఆర్‌తో తెచ్చిన పట్టికను సరిచూడకుండా కూడకూడదు.

సరిచూడటానికి పాత మెహతాజీల చిట్కాలే చాలు. మొదటిది, అసలు కాగితం అడుగున ఉన్న మొత్తాన్ని కూడా తెచ్చుకుని మన కూడికతో పోల్చడం. రెండోది తొమ్మిది లెక్క. విని టైపు చేసేటప్పుడు పక్కపక్క అంకెలు తారుమారైతే వచ్చే తేడా ఎప్పుడూ తొమ్మిదితో భాగింపబడుతుంది. 4520కి బదులు 4250 పడితే తేడా 270, అంటే ముప్పై తొమ్మిదులు. అలాగని తొమ్మిదితో తెగిన ప్రతి తేడా తారుమారే అని కాదు, వెతుకులాట ఎక్కడ మొదలుపెట్టాలో అది చెబుతుంది. పద్మనగర్‌లో ఈ తప్పుకు ఒక కారణం చుట్టూనే ఉంది. బజారులో రేటు హిందీలోనో మరాఠీలోనో చెబుతారు. ఆ భాషల్లో ఒకట్ల స్థానం ముందు పలికి పదుల స్థానం తర్వాత పలుకుతారు. తెలుగులో, ఇంగ్లీషులో ఇరవై ముందు, అయిదు తర్వాత. రోజంతా ఈ భాషల మధ్య తిరిగే చెవికి 25, 52 తారుమారు కావడం వింత కాదు.

నేర్చుకునే చోటు, నేర్పాల్సిన పాఠం

ఇదంతా వినడానికి కష్టంగా ఉన్నా నేర్చుకుంటే వచ్చే విద్యే. భివండీకి దగ్గర్లోని ముంబయిలో 1952 నుంచి నేషనల్ అసోసియేషన్ ఫర్ ది బ్లైండ్ ఉంది. సెయింట్ జేవియర్స్ కాలేజీలో చూపు లేనివారి కోసం 2003లో మొదలైన రిసోర్స్ సెంటర్ ఉంది. తెలుగువాళ్లలో బొల్లా శ్రీకాంత్ సంగతి తెలిసిందే. పదో తరగతి తర్వాత సైన్సు చదవనివ్వకపోతే కోర్టుకెక్కి సీటు సాధించి, అమెరికాలో ఎంఐటీలో చదివి, 2012లో హైదరాబాద్‌లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టారు. బొమ్మలూ పట్టికలూ చూపు లేనివాళ్లకు అందవన్న ఆనాటి వాదన ఇప్పుడు చెల్లదు. అందకపోతే అది వాటిని తయారుచేసిన తీరులోని లోపం.

చట్టం కూడా ఆ మాటే అంటోంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం సేవలూ సమాచారమూ అందరికీ అందుబాటులో ఉండాలని చెప్పింది. డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న తీర్పిచ్చింది. చూపు లేని ఉద్యోగి నేర్చుకోవాల్సిన మీటలు పాతిక ఉంటే, పట్టిక పంపేవాళ్లు పాటించాల్సినవి అయిదారు. బరువు ఎవరు మోయడం తేలికో వేరే చెప్పనక్కర్లేదు.

కాబట్టి కార్ఖానాదారులకు, నూలు వ్యాపారులకు, లెక్కలు చూసేవాళ్లకు, బడిలో కంప్యూటర్ నేర్పే సార్లకు ఒక మనవి. రేట్ల కాగితం ఫోటో పెట్టండి, కాదనడం లేదు. దాని వెంట ఎక్సెల్ షీటు కూడా పంపండి. మొదటి వరుసలో శీర్షికలు రాయండి, ఒక్కో నిలువుకు ఒక్కటే శీర్షిక ఉంచండి. అందం కోసం రెండు గడుల్ని ఒకటి చేయకండి. అదే తేదీ అయినా గడి ఖాళీ వదలకుండా మళ్లీ రాయండి. అంకెల గడిలో అంకెలే ఉంచండి, ‘రూ.’ గుర్తు శీర్షికలో పెట్టండి. ఎర్ర రంగు వేసి బాకీ అని చూపే బదులు పక్క గడిలో బాకీ అని రాయండి. ఇలా చేసిన షీటు చూపు లేని ఉద్యోగికి ఎంత పనికొస్తుందో, రేపు మీరే మొత్తాలు కూడుకోవడానికి, తేదీల వారీగా వెతుక్కోవడానికి అంతే పనికొస్తుంది.